నాపాస్

మా ఆయన పోయిన రోజు వాకిట్లో చేరిన స్నేహితుల్లో ఒకాయన ఏడుస్తూ, "మా నాపాస్ పోయిండు" అన్నాడు. ఎవరికీ వింతగా అనిపించలేదు. మరాఠీలో నాపాస్ అంటే పరీక్ష తప్పినవాడు. పదో తరగతి లెక్కల్లో తప్పిన ఏడాది మొదలైన ఆ పిలుపు, ఈ మరాఠీ ఊళ్ళో మా తెలుగు మగ్గాలవాళ్ళుండే నీలం నగర్‌లో ఆయనకు చివరిదాకా మిగిలింది. ఆయన జీవితమంతా సాంచల మీద పనిచేశాడు. మరమగ్గాలను మేం సాంచలంటాం. నాపాస్ అని ఎవరు పిలిచినా పలికేవాడు, నవ్వేవాడు కూడా. కాని పిల్లలు లెక్కల పుస్తకం తెరిచి కూర్చుంటే మాత్రం ఆ గదిలోకి వచ్చేవాడు కాదు.

మా మనవరాలు ఇప్పుడు ఆరో తరగతి. వాళ్ళ మరాఠీ బడిలో పద్ధతి మారింది. దేశమంతటా మారుతోందట. ఏడాది చివర పరీక్షలో ఏం రాసిందని కాక, నేర్చుకున్నదానితో ఏం చేయగలుగుతోందని చూస్తారట. దీపావళి సెలవుల ముందు ఇచ్చిన ప్రగతి పత్రంలో మార్కులు లేవు. భిన్నాల దగ్గర, సాయంతో చేయగలదు అని రాసి ఉంది. నా కొడుకు దాన్ని రెండు వైపులా తిప్పి చూశాడు.

"పాసా, నాపాసా? గది చెప్పరా?"

"గట్ల రాయరు బాపూ," అంది పిల్ల.

"రాయలేదంటే నాపాసే. మొకం మీద చెప్పలేక దాస్తున్రు."

కుంఠా నాకా దగ్గర వారం వారం పరీక్షలు పెట్టే ప్రైవేటు బడి ఒకటుంది. సెలవులయ్యాక అందులో వేస్తానన్నాడు. పిల్ల అన్నం ముందు నుంచి లేచి నా దగ్గరికి వచ్చింది.

"బాపమ్మా, ఆడ నన్ను గూడ తాతను పిలిచినట్టే పిలుస్తరు."

పిల్లను పక్కన కూర్చోబెట్టుకున్నాను. కొడుకుతో, "తీసేసే ముందు ఒకపారి ఈ బడికి పోయి చూడు" అన్నాను. ఆ శనివారమే బడికి పెద్దవాళ్ళను పిలిచి, పిల్లలు నేర్చుకున్నది వాళ్ళ ముందే చేయిస్తున్నారు.

"సాంచలు ఎవలు నడుపుతరు, నువ్వా?" అన్నాడు. అన్నాడు గాని వచ్చాడు. నేనూ వెళ్ళాను.

టీచరు మా పిల్లకు ఒక కాగితపు పట్టీ ఇచ్చి, దాన్ని టవల్ అనుకోమంది. సగం తెలుపు, పావు ఎరుపు, మిగిలింది నీలం. నీలం ఎంత? పిల్ల పలక మీద పై అంకెలు కలిపింది, కింది అంకెలూ కలిపింది. తెలుపు, ఎరుపు కలిసి ఆరింట రెండు వంతులు, కాబట్టి నీలం ఆరింట నాలుగు వంతులు అంది. వెనక ఎవరో నవ్వారు. నా కొడుకు తల దించుకున్నాడు.

టీచరు తప్పు అనలేదు. "కుఠం తుటలం?" అని అడిగింది. ఎక్కడ తెగింది అని. మగ్గాలవాళ్ళ పిల్లలకు చెప్పీ చెప్పీ ఆమెకు అలవాటైన మాట కావచ్చు. నా కొడుకు తల ఎత్తాడు. పోగు తెగితే సాంచ ఆపి మేం మొదట అడిగేది అదే.

పిల్ల పట్టీని సగానికి మడిచింది. ఒక సగాన్ని మళ్ళీ మడిచింది. మిగిలిన ముక్కను కాసేపు చూసింది. "అర్ధకిలో, పావుకిలో కలిస్తే ముప్పావు గద," అని తెలుగులో తనలో తాను అనుకుంది. తర్వాత మరాఠీలో గట్టిగా చెప్పింది. నీలం పావే. కింది అంకెలు కలిపాను, అక్కడ తెగింది అని.

"దుకాణంల సామాన్లు కొనేటప్పుడు ఎన్నడు తప్పు చెప్పదు, కాయితం మీదనే," అన్నాడు నా కొడుకు పక్కాయనతో, ఆయన అడగకుండానే.

ఇంటికి నడుస్తుంటే పిల్ల ఉండబట్టలేక అడిగింది.

"ఆ బడి సంగతేంది బాపూ?"

"ఏ బడి?" అన్నాడు. "జల్ది నడువు. సాంచలు బందున్నయి."

మా ఆయన లెక్క ఎక్కడ తెగిందో అప్పట్లో ఎవరైనా అడిగి ఉంటే ఆయన చెప్పగలిగేవాడనే అనుకుంటున్నాను.

ఆ సాయంత్రం పిల్ల చాప మీద లెక్కల పుస్తకం తెరిచి కూర్చుంది. నా కొడుకు చాయ్ గ్లాసు పట్టుకుని గదిలోకి వచ్చి, ఆమె పక్కనే కూర్చున్నాడు.