పెనుకొండ వాలులో పైలట్ సారు

హిందూపురంలో మా పైవాటాలో ఒక రిటైరైన పైలట్ ఉండేవారు. ఎవరేం చెప్పినా దాన్ని తిరిగి అప్పజెప్పందే ఆయన పని మొదలుపెట్టేవారు కాదు. "నీళ్లొచ్చినాయి, పట్టుకోండి సార్" అంటే "నీళ్లొచ్చినాయి, పట్టుకుంటాండా" అనేవారు. గాల్లో అది మర్యాదట, ప్రాణాలకు పూచీ కూడానట.

ఒకసారి ఆయన కారులో ఇద్దరం ధర్మవరం బయలుదేరాం. పెనుకొండ దగ్గర వాలులో బ్రేకులు పోయాయి. ఎదురుగా దారి నిండా గొర్రెల మంద. నేను కేకలు పెడుతుంటే, "నిదానంగా ఇంకోసారి చెప్పప్పా" అన్నారు. తర్వాత కిటికీలోంచి తల బయటపెట్టి కాపరిని అడిగారు.

"అన్నా, బ్రేకులు లేవు. కుడిపక్క వస్తాండా. గొర్లను మా ఎడమకు తోలుకుంటారా?"

"మీ ఎడమకు తోలుకుంటాండా సామీ" అన్నాడు కాపరి, అంతే నిదానంగా.

కారు దారికి కుడిపక్కనున్న ఇసుక కుప్పలో దిగబడి ఆగింది. సారు కాపరికి దండం పెట్టి, భార్యకు ఫోన్ చేశారు.

"పెనుకొండ కాడ బ్రేకులు పోయినాయి. ఇసుకలో దిగినాం. ఇద్దరం క్షేమం."

"బ్రేకులు పోయినాయి. ఇసుకలో దిగినారు. ఇద్దరూ క్షేమం" అన్నారామె. "వచ్చేటప్పుడు పెరుగు తీసుకురండి."

"పెరుగు తీసుకొస్తా."