గోడ మీద పచ్చ గాజు

పోయిన నెల ఒక పొద్దున పెద్దమ్మ ఫోన్ చేసి "మీ పెదనాయన పోయినాడు పాపా" అంది. అప్పుడు నేను కర్నూలులో మా సెల్లార్లోనే ఉన్నాను, ఆయన అతికించిన గాజు ముక్క ఎదురుగానే. చాలా ఏడ్చాను. కానీ ఆయన్ను తలుచుకుంటే ఇప్పటికీ ఏడుపు కంటే ముందు హుషారే వస్తుంది. ఏం చేయను, మనిషి అలాంటివాడు!

మా నాన్నకు అన్న. ఆలూరు దగ్గర నల్లరేగడి పల్లెలో పుట్టి కర్నూలులో మేస్త్రీగా స్థిరపడ్డాడు. కొత్త ఇళ్లు కట్టడం కంటే పగిలిన గోడలంటే ఆయనకు ప్రాణం. ఎవరి సెల్లార్ గోడో బీటలిచ్చిందని కబురొస్తే అన్నం ముందు నుంచి లేచేవాడు. అహోబిలం యాత్రలో కూడా మేం దిగిన గది గోడను వేలి కణుపుతో కొట్టి వింటూ నిలబడిపోయాడు.

"దేవుణ్ణి చూడ్డానికొచ్చినావా, గోడను చూడ్డానికా?" అని పెద్దమ్మ కసురుకుంది.

"దేవుడు బాగానే ఉండాడులే. ఈ గోడకే బాగలేదు."

నాకు అద్దె సెల్లార్లో కుట్టు సెంటర్ ఉంది. నిరుడు వానలకు గోడ పగులులోంచి నీళ్లు దిగి మిషన్ల కిందికి చేరాయి. మళ్లీ దిగితే ఖాళీ చేయాల్సిందేనని ఓనరు తేల్చి చెప్పాడు. నా బతుకూ, నాతో కుట్టే ఆడవాళ్ల బతుకూ ఆ గోడ మీదే ఆధారపడ్డాయి. వెంటనే సిమెంటు పూసేయమని పెదనాయనను బతిమాలాను.

"పూస్తే పగులు దాక్కుంటాది గానీ పోదు పాపా. అది నోరు తెరిచి ఏందో చెప్తాండాది. ముందు విను," అన్నాడు.

ఆయన వినే పద్ధతి వేరు. పెద్దమ్మ చేతి నుంచి ఒక పచ్చ గాజు తీసుకుని, సగానికి విరిచి, ఆ ముక్కను పగులుకు అడ్డంగా పెట్టి రెండు కొసలూ సిమెంటుతో అతికించాడు. గోడ కదిలితే గాజు విరుగుతుంది, అంతే. "నా చేతుల మీద కంటే కర్నూలు గోడల మీదే నా గాజులు శానా ఉండాయి" అని పెద్దమ్మ సణిగేది. సణుగుతూనే చెయ్యి చాపేది.

కొన్నాళ్లకు గాజు విరిగింది. నేను మిషన్లను గోడకు దూరంగా జరపడం మొదలుపెట్టాను. పెదనాయన మాత్రం చప్పట్లు కొట్టాడు!

"గోడ ఇంకా కదుల్తాండాది! దొంగ బయటే ఉండాడు, రా పాపా, చూద్దాం!"

పంచె ఎగ్గట్టి మెట్లెక్కుతుంటే ఆయన వెనకే పరుగెత్తాను. మేడ మీది నుంచి దిగే నీళ్ల గొట్టం గోడ మొదట్లోనే కారుతోంది. రేగడి మట్టి తడికి ఉబ్బి గోడను నెడుతోంది, ఎండితే కుంచించుకుని వదిలేస్తోంది. గొట్టాన్ని దూరంగా మళ్లించాడు. నీళ్లు నిలవకుండా నేలను బయటికి వాలు చేశాడు. మట్టి కుదురుకున్నాక పగులును ఉలితో వెడల్పు చేసి, దుమ్ము కడిగి, సిమెంటు గట్టిగా దట్టించాడు. దాని మీద మళ్లీ ఒక పచ్చ గాజు ముక్క అతికించాడు.

"ఇంక భయం లేదు కదా?" అన్నాను.

"వానాకాలం పోనీ. అప్పుడు చెప్తా."

ఎవరు మెచ్చుకున్నా, ఎవరు తిట్టినా, ఏ ఇంట్లోనైనా ఆయన జవాబు ఇదే. వానాకాలం రాకముందే ఆయన వెళ్లిపోయాడు.

దినాల నాడు బంధువుల ఆడవాళ్లు పెద్దమ్మను గాజులు తీసేయమన్నారు. పెద్దమ్మ చేతులు వెనక్కి పెట్టుకుంది. "వానాకాలం పోనీండి. అప్పుడు చూద్దాం," అంది.

ఆ తర్వాత కొద్ది రోజులకే కర్నూలులో కుండపోత వాన పడింది. వాన కాస్త తగ్గగానే పెద్దమ్మా నేనూ తడుస్తూనే సెల్లార్ మెట్లు దిగాం. గోడ పొడిగా ఉంది. గాజు చెక్కుచెదరలేదు!

"విరగలేదు పెద్దమ్మా!" అని గెంతాను. ఆ సంబరంలో మెట్ల వైపు తిరిగి "పెదనాయనా, రా, చూడు!" అని కేకేశాను.

పెద్దమ్మ చెయ్యెత్తి గోడ మీది గాజు ముక్కను మెల్లగా తడిమింది. ఆమె చేతి పచ్చ గాజులు గోడకు తగిలి గలగలమన్నాయి.