సత్తార్ పెట్టెలో చెడిన రీడు

నరసరావుపేటలో కుట్టుమిషన్లు బాగుచేసే సత్తార్ కొట్టుకి వెళ్తే, విప్పి పడేసిన మిషన్ల మధ్య దుప్పటి కప్పిన పెట్టె ఒకటి కనిపిస్తుంది. అది హార్మోనియం. దాన్ని ఎవరైనా ముట్టుకుంటే తప్ప సత్తార్‌కి దేనికీ కోపం రాదు. నేను అలా కాదు, నాకు అన్నిటికీ కోపమే. శావల్యాపురం దగ్గర ఒక హైస్కూల్లో హెడ్మాస్టర్ని. పౌరాణిక నాటకాలకి తబలా వాయిస్తాను. బళ్ళోనూ స్టేజీ మీదా నా గురించి ఒకటే ఫిర్యాదు, తొందర ఎక్కువని.

మా నాటకాల పద్ధతి తెలియనివాళ్ళకి కొంచెం చెప్పాలి. మమ్మల్ని ట్రూపు అంటారు గానీ, ట్రూపూ లేదు, గీపూ లేదు. కాంట్రాక్టరు ఫోన్లు చేసి రాజు వేషానికి ఒక ఊరి మనిషిని, రాణి వేషానికి ఇంకో ఊరి మనిషిని పిలుస్తాడు. ఎవరి బస్సు వాళ్ళెక్కి, ఎవరి మేకప్ పెట్టె వాళ్ళు మోసుకుంటూ వస్తారు. రిహార్సల్ అనే మాటే లేదు. పొద్దుగూకే వేళకి కలుసుకున్న మనుషులు, కాసేపటికల్లా రాజ్యాలు ఏలాలి, పెళ్ళాడాలి, యుద్ధాలు చెయ్యాలి.

మరి వీళ్ళందర్నీ నడిపించేది ఎవరు? పోస్టరు మీద పెద్ద బొమ్మ రాజు వేషానిది. మైకులో వినిపించే పేరు కాంట్రాక్టరుది. నన్నడిగితే, స్టేజీ పక్కన చాప మీద కూర్చునే సత్తారే అంటాను. నాటకానికి ముందు అతను మేకప్ గదిలో ఒక చుట్టు తిరుగుతాడు. డైలాగుల సంగతి ఎత్తడు. అన్నం తిన్నారా, బస్సులో సీటు దొరికిందా, పిల్లకి జ్వరం తగ్గిందా అని అడుగుతాడు. మర్యాదకు అడుగుతున్నాడని చాలా కాలం అనుకున్నాను. అతను వినేది జవాబుని కాదు, జవాబు చెప్పే గొంతుని. ఆ రోజు ఎవరి గొంతు ఎంత అలిసిందో చూసుకుని శృతి పెడతాడు. శృతి అంటే పాడేవాడి గొంతు నిలబడే చోటు. హార్మోనియం మెట్ల మీద ఒకటి, ఒకటిన్నర, రెండు అని మా లెక్క. అంకె పెరిగేకొద్దీ గొంతు పైకి పోవాలి.

పద్యానికి తాళం ఉండదు. నటుడు ఎక్కడ సాగదీస్తాడో, ఎక్కడ ఆగుతాడో అతనిష్టం. నేను తబలా మీద చేతులు పెట్టుకుని ఊరికే కూర్చోవాలి. అదే నాకు పెద్ద శిక్ష. సత్తార్ మాత్రం నటుడి వెనకే నడుస్తాడు. పాదం అయిపోగానే అతను పాడిన రాగాన్నే కొంచెం వాయించి, పూర్తి చెయ్యకుండా ఆపేస్తాడు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"అంత బాగా వాయించగలవు గదయ్యా, ఎందుకట్టా సగంలో ఆపుతావు?"

"మొత్తం నేనే వాయిస్తే వాళ్ళకేం మిగులుద్ది మాస్టారూ? కాస్త చోటు వదిల్తే, అందులోకి వాళ్ళేదో కొత్తది తెస్తారు."

ఆ మాట పట్టుకుని నేను బళ్ళో ప్రయత్నం చేశాను. మా స్టాఫ్ మీటింగుల్లో మొదట మాట్లాడేది నేను, చివర మాట్లాడేది నేను, మధ్యలో కూడా చాలావరకు నేనే. ఆ రోజు పదో తరగతి ఫలితాల మీద రెండు ముక్కలు చెప్పి ఊరుకున్నాను. లెక్కల టీచరు సింధూజ లేచి, "సార్, బీపీ ఏమన్నా చూపించుకున్నారా?" అంది. అయినా పళ్ళ బిగువున నోరు మూసుకున్నాను. కాసేపటికి డ్రాయింగ్ మాస్టారు గొంతు సవరించుకున్నాడు. చదువులో వెనకబడ్డ పిల్లలకి సాయంత్రం క్లాసు పెడితే రారు, గేదెలకి గడ్డి కొయ్యడానికి పోతారు, పొద్దున పెట్టండి అన్నాడు. అంతే. ఇన్నేళ్ళ నుంచి ఆ మనిషికి తెలిసిన సంగతి మా బడికి తెలియకపోవడానికి కారణం, అతనికి మాట్లాడే చోటు లేకపోవడమే. ఆ రోజు నుంచి పొద్దున క్లాసులే నడుస్తున్నాయి.

ఇక గోపాలరావు గారు. ఆయనది పెదకూరపాడు. ఈ చుట్టుపక్కల రాజు వేషం అంటే ఒక తరం పాటు ఆయన తర్వాతే ఎవరైనా. మే నెల ఎండల్లో కూడా మెడకు మఫ్లరు, జేబులో మిరియాల పొట్లం. ఆయన శృతి ఆరు. మగవాళ్ళలో అంత పైన పాడేవాళ్ళు తక్కువ. ఆరు శృతి గోపాలరావు అంటే చాలు, జనం ఎడ్లబండ్ల కాలం నుంచి ట్రాక్టర్ల కాలం దాకా కదిలి వచ్చేవాళ్ళు.

వయసు గొంతుకీ వస్తుంది. ఒక ఏడాది, పద్యం చివర ఆయన ఆయాసపడటం సత్తార్ గమనించాడు. మరుసటి నాటకంలో గోపాలరావు గారు ఎప్పట్లాగే, "ఆరు పెట్టరా సత్తారూ" అన్నారు. "ఆరే అన్నా" అంటూ సత్తార్ ఐదున్నర మెట్టు మీద వేలు పెట్టాడు. జనం వైపు తిరిగి నిలబడినవాడికి, పక్కన కూర్చున్నవాడి వేలు ఎక్కడుందో కనిపించదు. ఆయన స్టేజీ దిగి, ఇవాళ గొంతు బ్రహ్మాండంగా పలికింది అన్నారు. కొన్నాళ్ళకి ఐదున్నర కాస్తా ఐదు అయింది. తర్వాత నాలుగున్నర అయింది. ఆయన మాత్రం ఆరులోనే ఉన్నారు.

శృతిని బట్టి తబలా కూడా మార్చుకోవాలి కాబట్టి నాకు తెలుసు. ఆయన పక్కన పాడాలి కాబట్టి రాణి వేషం వేసే శ్రీలేఖకు తెలుసు. తెలియనిది ఆయనొక్కరికే. ఒక మనిషి పరువు పోకుండా నలుగురం కలిసి కాపాడుతున్నాం అని నేను తెగ మురిసిపోయేవాణ్ణి. సత్తార్‌కి మాత్రం మనసులో కుదురు లేదు. "ఎప్పటికైనా చెప్పాలి మాస్టారూ. చెప్పడానికే నోరు రావట్లా" అనేవాడు.

పోయిన ఏడాది గురజాల వైపు ఒక ఊరి తిరునాళ్ళకి నాటకం కుదిరింది. శత్రురాజు వేషానికి ఉదయ్ అని కొత్త నటుడు వచ్చాడు. మంచి గొంతు, ఫోన్లో శృతి చూపించే యాప్ పెట్టుకుని సాధన చేస్తాడు. మేకప్ గదిలో గోపాలరావు గారు మొహానికి రంగు వేసుకుంటుంటే పక్కన చేరాడు.

"బాబాయ్, మీ పోయిన నాటకం యూట్యూబులో చూసినా. మీరు ఆరు అంటారు గదా. ఇది నాలుగున్నర చూపిస్తంది ఏంది?"

చెడగొట్టాలని అన్నాడో, తెలియక అన్నాడో నాకిప్పటికీ అంతుపట్టలేదు. గోపాలరావు గారు ఫోను వైపు చూశారు. తర్వాత అద్దంలోంచి నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను. ఆయనకి అది చాలు.

"ఎప్పట్నించి సత్తారూ?"

"చానా ఏళ్ళయిందన్నా."

"అందరికీ తెల్సా?"

నేను సంచిలో తబలా సుత్తి వెతుక్కోవడం మొదలుపెట్టాను.

"నీ గొంతు తగ్గిందన్నా అని ఒక్క మాట చెప్తే ఏడ్చి ఊరుకునేవాణ్ణి గదరా. నలుగురూ కలిసి నన్ను పిల్లోణ్ణి చేసి ఆడించారు. నేను దిగొచ్చి గొంతు బాగుందంటంటే నవ్వుకున్నారు."

"నవ్వలేదన్నా. అల్లా మీద ఒట్టు."

"ఇయ్యాల ఆరు పెట్టు. నేను చూస్తుండగా పెట్టు. దించావో, అక్కడే కిరీటం తీసేసి పోతా."

ముందు నాకు ఆయన మీద కోపం వచ్చింది. మంచి చేస్తే ఇదా అనుకున్నాను. తబలా బిగించుకుంటూ ఆలోచిస్తే ఆయన మాటే నిజమనిపించింది. గొంతుకు తగ్గట్టు శృతి దించడం సంగీతంలో ఉన్నదే. ఆ మనిషికి చెప్పకుండా దించితే, అతన్ని మనలోంచి తీసి పక్కన పెట్టినట్టే. సంగీతం అందరూ కలిసి చేసేది అని చెప్పే మేము, అసలు పాడే మనిషినే కలుపుకోలేదు. ఇప్పుడు ఆరులో పాడి ఆయన గొంతు జనం ముందు తెగిపోతే, ఆయన మళ్ళీ వేషం కట్టరు. వేషం కట్టని గోపాలరావు ఎన్నాళ్ళు ఉంటారో కూడా నాకు నమ్మకం లేదు.

తెర లేచింది. గోపాలరావు గారు ఎప్పుడూ నిలబడే చోటు వదిలి, హార్మోనియం కనిపించేలా పక్కకి జరిగి నిలబడ్డారు. సత్తార్ ఆరు మెట్టు మీద వేలు పెట్టాడు.

మొదటి పాదం నిలిచింది. రెండోది కూడా పట్టుదల మీద నిలిచింది. మూడో పాదంలో గొంతు గీరుకుంది. నాలుగో పాదం చివర, ఒకప్పుడు జనం లేచి నిలబడే చోట, పైకి తీసిన రాగం తెగిపోయింది. దగ్గు వచ్చింది. ఆయన నోరు తెరిచారు, గాలి తప్ప ఏమీ రాలేదు. వెనక నుంచి ఎవడో ఈల వేశాడు. నాకు ఏడుపు వచ్చింది, దాచుకోవడానికేమీ లేదు.

అప్పుడు సత్తార్ లేచి నిలబడ్డాడు. నాటకం మధ్యలో హార్మోనిస్టు లేవడం నేనెప్పుడూ చూడలేదు. మైకు అందుకున్నాడు.

"పెద్దలు క్షమించాలి. నా పెట్టెలో రీడు చెడింది. తప్పు శృతి పలికి అన్నగారి గొంతు చెడగొట్టింది. తప్పు నాది. ఒక్క నిమిషం టైమియ్యండి."

"పెట్టె చూసుకుని రావొద్దంటయ్యా?" అని ముందు వరుసలో పెద్దాయన గద్దించాడు. "నిజమేనయ్యా, చూసుకోవాల్సింది" అన్నాడు సత్తార్. కూర్చుని మూత తీసి, శుభ్రంగా ఉన్న రీడును, అంటే గాలికి పలికే ఇత్తడి రేకును, గుడ్డతో తుడిచాడు. ఈ పరగణాలో ఎవరి పెట్టె శృతి తప్పినా సత్తార్ పెట్టె తప్పదని పేరు. ఆ పేరు ఒక్కటే అతను సంపాదించుకున్న ఆస్తి.

మూత పెట్టి, వేలు పైకెత్తాడు. ఆయనకి కనిపించేలా, ఆరు దాటించి, ఐదు దాటించి, నాలుగున్నర మెట్టు మీద ఆనించాడు. నొక్కలేదు. తలెత్తి గోపాలరావు గారి వైపు చూస్తూ కూర్చున్నాడు. ఇంతకాలం దొంగతనంగా చేసిన పనిని ఇప్పుడు అనుమతి అడిగి చేస్తున్నాడు. ఆయన ఒప్పుకోకపోతే కిరీటం తీసేసి వెళ్ళిపోవచ్చు.

గోపాలరావు గారు ఆ వేలి వైపు చాలాసేపు చూశారు. ఉదయ్ తెర పక్క నుంచి మంచినీళ్ళు పట్టుకొచ్చాడు. తాగి, గ్లాసు ఇచ్చేసి, తల ఆడించారు. నేను సంచిలోంచి రెండో తబలా తీసుకున్నాను. ఎందుకైనా మంచిదని తెచ్చుకున్నాను మరి.

అదే పద్యం మళ్ళీ ఎత్తుకున్నారు. ఆరులో అది సవాలు విసిరినట్టుండేది. ఇప్పుడు ఎదురుగా కూర్చున్న మనిషితో గోడు చెప్పుకుంటున్నట్టుంది. పైకి ఎగబాకే చోట ఆయన ఎగబాకలేదు. సత్తార్ వదిలిన చోట ఒక్క క్షణం ఆగి, రాగాన్ని కిందికి తీసుకెళ్ళారు. అన్నేళ్ళుగా ఆయన పక్కన కూర్చున్న నేను ఆ వరస ఎప్పుడూ వినలేదు. ఈల వేసినవాడు ఏమయ్యాడో గానీ, వన్స్ మోర్ అన్న కేక వెనక నుంచే వచ్చింది.

నాటకం అయ్యాక గోపాలరావు గారు ఎవరితోనూ మాట్లాడకుండా బస్సెక్కారు. సత్తార్ పెట్టె చెడిందట అన్న మాట మాత్రం మాచర్ల దాకా పాకింది. కాంట్రాక్టర్లు వేరే హార్మోనిస్టుల్ని పిలుచుకోవడం మొదలుపెట్టారు. నాకు ఒళ్ళు మండింది. జరిగింది చెప్పెయ్యమని కొట్టుకి వెళ్ళి పోట్లాడాను.

"ఎట్టా చెప్తాం మాస్టారూ? పెట్టె మంచిదంటే, చెడింది అన్న గొంతని చెప్పినట్టే గదా" అన్నాడు, మిషనుకి నూనె వేస్తూ.

అలా పోట్లాడుతున్న ఒక రోజునే గోపాలరావు గారు కొట్టు ముందు ఆటో దిగారు. మెడకు మఫ్లరు అలాగే ఉంది. కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"దుప్పటి తియ్యరా."

సత్తార్ తీశాడు.

"ఆరు పలికించు."

పలికించాడు. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. తర్వాత ఐదు, తర్వాత నాలుగున్నర అడిగారు. రీడ్లన్నీ గంటల్లా మోగుతున్నాయి. ఇంతలో సత్తార్ ఫోను మోగింది. మాచర్ల కాంట్రాక్టరు. సత్తార్ రెండు చేతులూ పెట్టె మీదే ఉండటంతో నేను స్పీకరు నొక్కాను.

"సత్తార్ భాయ్, పెట్టె బాగయిందా? గోపాలరావు గారి నాటకం ఒకటుంది. బాగవకపోతే చెప్పు, వేరేవాళ్ళని చూసుకుంటా."

సత్తార్ నా వైపు చూశాడు. గోపాలరావు గారు నా చేతిలో ఫోను లాక్కున్నారు.

"నేను గోపాలరావుని మాట్లాడతన్నా. ఆ పెట్టెకేం కాలేదయ్యా, ఎప్పుడూ కాలేదు. తగ్గింది నా గొంతు. ఇప్పుడు నా శృతి నాలుగున్నర. పోస్టరు మీద ఆరు శృతి అని వేస్తావుగా, అది తీసెయ్యి. పెట్టె మీద సత్తారుంటేనే నేనొస్తా."

అవతల మనిషి ఏదో అంటుండగానే పెట్టేశారు. సత్తార్ నాలుగున్నర మెట్టు మీది వేలు తియ్యకుండా, రెండో చేత్తో గాలి కొడుతూ కూర్చున్నాడు. ఆయన సన్నగా గొంతు కలిపారు. నేను వెళ్ళి ముగ్గురికీ టీ చెప్పి వచ్చాను.