పది లెక్కపెట్టే రూలు

ఒక మనిషి నోరు మూయించాను. చెయ్యి ఎత్తలేదు, తిట్టలేదు. ఒక రూలు రాశాను, అంతే. అందరికీ వర్తించే రూలే. చదివినవాళ్ళకి అందులో తప్పేమీ కనబడదు. అందుకే ఇన్నేళ్ళలో ఎవరూ నన్ను అడగలేదు, నేనూ ఎవరికీ చెప్పలేదు. ఇరవై ఏళ్ళు దాటింది, మోస్తూనే ఉన్నాను. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అందుకని మీకు చెప్పడం కొంచెం తేలిక.

అప్పట్లో సికింద్రాబాదులో ఎవర్ని కదిపినా సాఫ్ట్‌వేరే. నేను శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, చిలకలగూడలో ఒక గది తీసుకుని, చిన్న కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం చేసేవాణ్ణి. వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం నా పని. చేరిన మొదటి నెలలోనే ఒక మీటింగులో నోరు జారి "ఇదేటండీ ఇలాగుంది" అన్నాను. ఇంక చూస్కోండి. నేను ఎదురుపడితే చాలు, "ఏటండీ, టిఫినైందేటండీ" అనేవాళ్ళు. నవ్వుతూనే అనేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. మెల్లమెల్లగా మాట్లాడడమే తగ్గించేశాను. శనివారం ఆఫీసు నుంచి బయటికొస్తే మళ్ళీ సోమవారం పొద్దున దాకా నా గొంతు నాకే వినబడేది కాదు, ఇడ్లీ బండి దగ్గర "ఒక ప్లేటు" అనడం తప్పితే.

అందుకే ఆ ఆట మొదలుపెట్టాను. కథ ఆట. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్ళు అందులో తలో పాత్ర అవుతారు. "నువ్వు కోట తలుపు ముందున్నావు, కాపలావాడు బల్లెం ఎత్తాడు, ఏం చేస్తావు?" అని నేను అడుగుతాను. వాళ్ళు చేసేది చెబుతారు. ఫలించిందో లేదో పాచిక తేలుస్తుంది. బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆటే, కాకపోతే మాకు బల్ల లేదు. ఆదివారం మధ్యాహ్నాలు ఇంటర్నెట్ చాట్‌లో, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు టైపు చేస్తూ ఆడేవాళ్ళం. పుణెలో ఉద్యోగం చేసే శిరీష, బెంగళూరు నుంచి ఇద్దరు స్నేహితులు, ఇక్కడి రాంగోపాల్‌పేట నుంచి ఖాదర్, అంతా చాట్‌లోనే పరిచయమైనవాళ్ళు. కథ నడిపేది నేను. రూళ్ళు రాసేదీ నేనే. పావుగంట ఆలస్యమైతే నీ పాత్ర ఆ పూట బండిలో నిద్రపోతున్నట్టు, పాచిక మీద పేచీ పెడితే ఒక వంతు నష్టం, ఇలాంటివి తొమ్మిది. అవి రాస్తుంటే నాకెంత హాయిగా ఉండేదో చెప్పలేను. వారమంతా నా మాట వినేవాడు లేడు. ఆదివారం మాత్రం నలుగురు నా మాట కోసం కాచుకుని ఉండేవాళ్ళు.

ఖాదర్ తన పాత్రకి రాయబారి పని తీసుకున్నాడు. కత్తి లేదు, మంత్రం లేదు, మాటే. ఒకసారి దొంగలు చుట్టుముట్టారు. అందరూ కత్తులు దూస్తుంటే అతను టైపు చేశాడు: "మమ్మల్ని చంపితే మీకు మిగిలేది మా పాత చెప్పులే. జెర కూసోని మాట్లాడుకుందాం, చాయ్ సుత ఉంది." శిరీష నవ్వు ఆపుకోలేక పది నిమిషాలు విరామం అడిగింది. నేనూ నవ్వాను. నిజంగా నవ్వాను.

ఊరు ఒకటే కదా అని ఖాదరూ నేనూ ఒక శనివారం కలుసుకున్నాం, స్టేషన్ దగ్గర ఇరానీ హోటల్లో. సన్నగా, నాకంటే రెండు మూడేళ్ళు చిన్నవాడు. నోరు తెరిచాడు, మాట రాలేదు. పెదవులు బిగుసుకుపోయాయి, మెడ నరాలు తేలాయి. చాలాసేపటికి ఒక మాట వచ్చింది. నత్తి. మామూలు నత్తి కాదు, ఒక్కో మాటా గుంజి బయటికి తీయాల్సిందే. మామ కళ్ళద్దాల దుకాణంలో వెనకగదిలో అద్దాలు అరగదీస్తాడట. ముందు కూర్చుంటే గిరాకీలతో మాట్లాడాలి కదా, అందుకని వెనక. "చాట్‌ల మాత్రం నేను మస్తు మాట్లాడ్త అన్నా" అన్నాడు. ఆ ఒక్క వాక్యానికి ఎంతసేపు పట్టిందో! నేను ఓపిగ్గా కాచుకున్నాను. "నీకొక్కనికే చెప్పిన, వాళ్ళకు తెల్వనియ్యకు" అన్నాడు. సరేనన్నాను. అప్పటికి మంచివాణ్ణే.

మరి ఎప్పుడు చెడిపోయాను?

శిరీష మధ్య వారంలో కూడా మెయిళ్ళు రాసేది. మొదట్లో అందరికీ. తర్వాత ఖాదర్‌కి, నాకు ఒక కాపీ. ఆ తర్వాత ఖాదర్‌కే, నాకు కాపీ లేకుండా; అది ఖాదర్ మాటల్లోనే బయటపడింది. బెంగళూరు వాళ్ళు నా కథలో మలుపుల కంటే రాయబారి ఏమంటాడా అని ఎదురుచూసేవాళ్ళు. ఒక ఆదివారం ఆట అయిపోయాక శిరీష రాసింది: "ఈ కథ ముగిశాక తర్వాతిది ఖాదర్ నడిపితే బాగుంటుందేమో?" వెంటనే బెంగళూరు వాళ్ళిద్దరూ అవునవునన్నారు. ఖాదర్ మాత్రం "అన్న ఉండంగ నేనెందుకు" అన్నాడు. చూడండి, అతను అన్నది అదీ. నాకు మాత్రం ఆ అవునవునన్నదే కనబడింది. ఈ ఒక్క చోటూ పోతే నాకింకేముంది? గది గోడలున్నాయి. ఇడ్లీ బండి ఉంది.

మూడు రోజులు బుద్ధి గడ్డి తింది. బుధవారం పదో రూలు రాసి అందరికీ పంపాను. ఈ ఆదివారం నుంచి టైపింగ్ ఉండదు, అందరూ హెడ్‌సెట్ పెట్టుకుని మైకులోనే మాట్లాడాలి. వంతు వచ్చినవాళ్ళు పది లెక్కపెట్టేలోగా జవాబు చెప్పాలి, లేకపోతే వంతు పోయినట్టే. ఆట వేగంగా సాగడం కోసం అని కింద కారణం కూడా రాశాను. ముగ్గురికీ తెగ నచ్చింది. కొత్తగా వచ్చిన సదుపాయం, గొంతులు వినొచ్చు, నచ్చకేం? నేనేమో మూడు రోజులు గదిలో తలుపు వేసుకుని "ఏటి" రాకుండా "ఏమిటి, ఏమిటి" అని గట్టిగా సాధన చేశాను. నా మాట మీద నవ్వితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. అయినా ఆ రూలు ఎలా రాయగలిగాను? తెలుసు కాబట్టే రాశానా? ఎక్కడ కొడితే తగులుతుందో తెలిసి, అక్కడే కొట్టానా?

శనివారం ఖాదర్ ఫోన్ చేయలేదు, చేయలేడు కదా, మెయిల్ పెట్టి అదే హోటల్‌కి రమ్మన్నాడు. చాయ్ వచ్చింది. అతను మాట కోసం తంటాలు పడ్డాడు, నేను కప్పులోకి చూస్తూ కూర్చున్నాను. అతని మాటలు ఇక్కడ గుక్కతిప్పుకోకుండా రాస్తున్నాను గానీ, అవి అలా రాలేదు.

"అన్నా, నాకొక్కనికి జెర టైపింగ్ ఉండనియ్యరాదే."

"ఒక్కడికి ఇస్తే మిగతావాళ్ళు ఎందుకని అడుగుతారు కదా ఖాదర్."

"ఏదన్న చెప్పన్నా. నా మైకు ఖరాబైందని చెప్పు."

"అబద్ధం నేను చెప్పలేను. అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాల్సి వస్తుంది. నీకు నత్తి ఉందని చెప్పమంటావా?"

అదీ నేనన్న మాట. మెత్తగా అన్నాను. పెద్దన్నలాగా అన్నాను. అతని మొహం ఎర్రబడింది. చాలాసేపు ఏమీ అనలేదు. ఆ మౌనం నత్తిది కాదు.

"వద్దన్నా. చెప్పకు. నేనే కోషిష్ చేస్త" అన్నాడు.

నా మొహం, అబద్ధం చెప్పలేనట! ఆట వేగం కోసం అని రాసినదాని పేరేమిటి మరి?

ఆదివారం వచ్చాడు. వస్తాడని నేననుకోలేదు. అందరూ హలో హలో అనుకున్నారు, కొత్తగా గొంతులు విని సిగ్గుపడ్డారు, నవ్వుకున్నారు. ఖాదర్ పేరు తెర మీద ఉంది, గొంతు లేదు. కథలో వాళ్ళని ఒక రాజు ముందు నిలబెట్టాను. రాయబారి మాట్లాడాల్సిన చోటు. అది కూడా కావాలనే, ఇంక దాచడమెందుకు. "ఖాదర్, నీ వంతు" అని లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఒకటి. రెండు. అతని ఊపిరి వినబడుతోంది. నాలుగు దగ్గర శిరీష "లైను బాలేనట్టుంది" అంది. ఏడు దగ్గర "నే" అని ఒక చిన్న శబ్దం వచ్చింది. విన్నాను. లెక్క ఆపొచ్చు. ఆపాల్సింది నేనొక్కణ్ణే, ఎందుకంటే ఆ శబ్దం ఏమిటో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. "ఎనిమిది" అన్నాను. "తొమ్మిది" అన్నాను. పది కూడా అన్నాను.

"ఖాదర్ వంతు పోయింది."

రెండోసారీ అంతే అయింది. మూడోసారి పిలిచేసరికి తెర మీద అతని పేరు లేదు. బెంగళూరు వాళ్ళలో ఒకడు "టైపింగ్‌లో పులి, మైకులో పిల్లి" అని నవ్వాడు. పాపం వాడికేం తెలుసు. నేనూ నవ్వాను. నాకు తెలుసు.

తర్వాతి వారం శిరీష అడిగితే, దుకాణంలో పని ఎక్కువైందట, ఇంక రాడట అన్నాను. చూశారా, ఈసారి అబద్ధం ఎంత నున్నగా వచ్చిందో. ఆమె అతనికి రాసిందట, జవాబు రాలేదట. మూడు నెలల్లో ఆట ఆగిపోయింది. రాయబారి లేకపోతే అందరూ ప్రతి తలుపు దగ్గరా కత్తులు దూయడమే, కథ ముందుకి నడవలేదు. ఒక ఆదివారం మైకు పెట్టుకుని కూర్చుంటే ఎవరూ రాలేదు. కాసేపు చూసి, హెడ్‌సెట్ తీసి మంచం మీద పడేశాను. ఎవరి కోసం ఇంత చేశానో వాడికీ, అంటే నాకూ, ఏమీ మిగల్లేదు. జాలిపడమని చెప్పడం లేదు. ఉన్నది చెబుతున్నాను.

ఇంతవరకూ చెప్పింది ఒక ఎత్తు. నిజం చెప్పొద్దూ, ఇంతే అయితే ఎప్పుడో మర్చిపోయేవాణ్ణేమో. అందరం చిన్న వయసులో వెధవ పనులు చేస్తాం అని సర్దిచెప్పుకునేవాణ్ణి. సర్దుకోనివ్వనిది వేరే ఉంది. ఆ ఆదివారం తర్వాత రోజు, సోమవారం, ఆఫీసులో ఖాదర్ మెయిల్ వచ్చింది. చిన్నదే.

"అన్నా, ఇగ నేను రాను. నాతోని అయితలేదు. గానీ వాళ్ళు అందరు ఉండంగ నా సంగతి నువ్వు బయటపెట్టలే. నా ఇజ్జత్ కాపాడినవ్. షుక్రియా అన్నా, ఎప్పటికీ మర్వ."

రెండుసార్లు చదివాను. వెటకారమేమో అని వెతికాను. తప్పులు వెతకడం నా పనే కదా. లేదు. అతను నమ్మాడు. నేను కత్తి పెట్టానని తెలీక, చెయ్యి పట్టుకున్నాననుకున్నాడు. నిజం రాయడానికి అప్పుడైనా వీలుంది. టైపు చేస్తే చాలు, మైకు కూడా అక్కర్లేదు. నేను రాసింది ఇది: "పర్లేదు తమ్ముడూ, అందులో ఏముంది."

ఆ షుక్రియా తీసుకున్నాను. ఈరోజుకీ నా దగ్గరే ఉంది. అతనెక్కడున్నాడో తెలీదు, వెతకలేదు, వెతికే ధైర్యం ఉందని కూడా చెప్పను. అతను ఇది చదవడు. చదివినా క్షమించమని అడగను. ఒక్కసారి రాయాలని మాత్రం ఉంది, పెదవులు బిగుసుకుపోతున్నా సరే.

ఖాదర్, ఆ రూలు ఆట కోసం కాదు. నీ ఒక్కడి కోసమే రాశాను.