బేసిన్‌లో కలిపిన అన్నం

ఏడో తరగతితో బడి మానేసినదాన్ని. మిగతా చదువంతా మా ఊరి శాఖా గ్రంథాలయంలో చదువుకున్నదే. వ్యవసాయం, వైద్యం, చరిత్ర, ఏది దొరికితే అది. మిరపకోతకు వెళ్ళేటప్పుడు కూడా సంచిలో ఒక పుస్తకం ఉండేది. మా కోత ముఠాలో అందరూ నన్ను "లాయరమ్మా" అని పిలిచేవాళ్ళు. అది వెక్కిరింపే అయినా నాకు లోలోపల బాగుండేది.

కరోనా వచ్చిన మరుసటి ఏడు వినుకొండ దగ్గర ఒక రైతు చేలో కోతకు వెళ్ళేవాళ్ళం. పదకొండు మంది ఆడవాళ్ళం, ఒకటే ఆటో. చిన్నపిల్లలకు బడి ఇంకా తెరవలేదు. అందుకని మాలో ఒకామె తన ఏడేళ్ళ కూతుర్ని వెంట తెచ్చుకునేది. వాళ్ళాయన కౌలుకు వేసిన పత్తి ముసురుకు పాడైపోయింది. ఆ వెంటనే మనిషి మంచాన పడ్డాడు. ఆమె కూలి ఆయన మందులకే పోయేది.

మా ముఠాలో ఒక పద్ధతి ఉంది. మధ్యాహ్నం ఎవరి క్యారేజీ వాళ్ళు విప్పకూడదు. అన్నీ ముఠాను నడిపే మేస్త్రమ్మకు ఇచ్చేయాలి. ఆమె గట్టు మీద కూర్చుని అన్నాలూ, కూరలూ, పచ్చళ్ళూ పెద్ద బేసిన్‌లోకి ఒంపి, కలిపి, అందరి చేతుల్లో ముద్దలు పెట్టేది. గోంగూర, పప్పు, నిన్నటి చారు అన్నీ కలిసిన ఆ రుచి ఇంట్లో ఎంత చేసినా రాదు.

అప్పుడు నేను అంటువ్యాధుల మీద ఒక పుస్తకం చదువుతున్నాను. ఒకరోజు బేసిన్ దగ్గర నిలబడి చెప్పేశాను.

"పిన్నీ, ఇన్ని ఇళ్ళ అన్నం ఒక్క చేత్తో కలపడం మంచిది కాదు. రోగాలు ఇట్లాగే అంటుకునేది. ఎవరిది వాళ్ళం తిందాం."

"మిరపకాయలు కోసిన చేతిని ఏ పురుగు ముట్టుకుంటుందే?" అంది మేస్త్రమ్మ. అందరూ నవ్వారు.

నేను వదల్లేదు. పుస్తకం తీసి ఆ పేజీ చదివి వినిపించాను. ఆ ఏడు ఊళ్ళో ఇద్దరు కరోనాతోనే పోయారు. వింటూ వింటూ నవ్వడం మానేశారు. ఒక్కొక్కరే తమ క్యారేజీ తీసుకున్నారు. మేస్త్రమ్మ ఆ తల్లి వైపు ఒకసారి చూసి, ఖాళీ బేసిన్ పక్కన పెట్టేసింది. నేను గెలిచాననుకున్నాను.

తల్లీకూతుళ్ళు దూరంగా, మాకు వీపు పెట్టి కూర్చున్నారు. మాగాయ ముక్క ఇద్దామని వెళ్ళాను. వాళ్ళ క్యారేజీ పై గిన్నెలో కాస్త పచ్చడి ఉంది. కింది గిన్నెలో ఏమీ లేదు. మేం చూస్తామని ఆమె తింటున్నట్టు ఉత్త చేతిని నోటిదాకా తీసుకెళుతోంది.

"అమ్మా, ఇయ్యాళ ముద్ద పెట్టరా?" అంది పాప.

"మంచినీళ్ళు తాగు."

మాగాయ చేతిలో పట్టుకుని అలాగే వెనక్కి వచ్చేశాను. నా క్యారేజీలో అన్నం ఉంది. ఇస్తే ఆమె చిన్నబోతుందని నాకు నేను చెప్పుకున్నాను. అది సాకు. నా తప్పు అందరికీ తెలుస్తుందన్నదే నా భయం. కూర్చుని నా అన్నం నేను తిన్నాను.

మర్నాడు వాళ్ళిద్దరూ రాలేదు. ఆటోలో మేస్త్రమ్మ పక్కన కూర్చుని, చూసింది చెప్పాను.

"నాకు చెప్తావేందే? రోజూ ఒంపేది నేను. ఏ క్యారేజీ ఎంత బరువో నా చేతికి తెలీదా?"

"అందరికీ తెలుసా?"

"నీకు తప్ప."

మళ్ళీ ఆమే అంది. "సాయంత్రం పోయి పిలుచుకురా. అన్నం ఊసెత్తావో, చంపుతా."

వెళ్ళాను. "కోతలో నా సాలుకు జత లేదక్కా, వెనకబడిపోతున్నా" అన్నాను. ఆమె నా ముఖం చూడకుండా "పాపకు ఒంట్లో బాలేదు, చూద్దాంలే" అంది. పాప గుమ్మంలో కూర్చుని ఉంది. ఒంట్లో బాగానే ఉన్నట్టుంది. ఆ పూట ఏమైనా తిన్నదో లేదో నేను అడగలేదు.

అయిదో రోజు వచ్చారు. అందరం తలా పిడికెడు ఎక్కువ తెచ్చాం. మేస్త్రమ్మ మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకుని "ఏం లాయరమ్మా, చాలా?" అంది. ఎవరూ నవ్వలేదు.

అన్నం కలిపి మొదటి ముద్ద పాపకు అందివ్వబోయింది. పాప చెయ్యి ముందుకు రాలేదు. తల తిప్పి నా వైపు చూసింది. నేను తలూపాకే అందుకుంది.

కోతలు అయిపోయేదాకా రోజూ అంతే. ముద్ద తీసుకునే ముందు ఒక్కసారి నా ముఖం చూసేది.