సుగుణత్త బట్ట తిరగేసి చూసేది

కొత్త బట్టల కొట్లోకి అడుగుపెట్టగానే ముక్కుకు తగిలే గంజి వాసన చాలామందికి పండగలా ఉంటుందట. నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది. మొన్న విజయనగరంలో ఒక పెద్ద కొట్లో సేల్స్‌మన్ తెల్ల చుడీదార్ ఒకటి నా ముందు పరిచి, "చూడండి మేడమ్, గుడ్డ ఎంత దిట్టంగా ఉందో!" అన్నాడు. దాన్ని తిరగేసి, నా నల్ల చున్నీ మీద పెట్టి రెండు చేతులతో గట్టిగా నులిమాను. చున్నీ మీద తెల్లటి పొడి రాలింది. "ఇందులో గుడ్డెంత, గంజెంత?" అని కొట్టంతా వినబడేలా అడిగాను. ఆ అబ్బాయి గబగబా చుడీదార్ మడత పెట్టేశాడు. పాపం, అమ్మమన్నది అమ్ముకుంటున్నాడు. నేనిలా గొంతు పెంచినప్పుడల్లా మా ఆయన రెండడుగులు వెనక్కి వేసి, నేనెవరో తెలియనట్టు నిలబడతాడు. నిలబడనీ. ఈ గొంతు నాకు ఊరికే రాలేదు, సుగుణత్త నేర్పితే వచ్చింది.

సుగుణత్త శ్రీకాకుళంలో మా పక్కింటావిడ. చుట్టరికమేమీ లేదు. వాళ్ళదీ మాదీ ఒకటే చర్చి, ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ. ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసేది. మనిషి పొట్టి, గొంతు మాత్రం వార్డు ఆ చివరి దాకా వినబడేది. ఆవిడతో బట్టలు కొనడానికి వెళ్ళాలంటే మా అమ్మకు సిగ్గు. కొట్టువాడు మడత విప్పడం ఆలస్యం, చేతిలోంచి లాక్కుని లోపలివైపు తిప్పేసేది. "పైపైన సూస్తే ఏటి తెలుస్తాదే గుంటా? లోపల సూడు, కుట్టినోడి బుద్ధి అక్కడున్నాది" అనేది నాతో. రెండు బొటనవేళ్ళతో కుట్టును అటూ ఇటూ లాగేది. సందులోంచి వెలుతురు కనబడిందా, ఇక ఆ బట్ట ముఖం చూసేది కాదు. కుట్టు పక్కన గుడ్డ వదలకుండా అంచు దాకా కత్తిరించేస్తే మరీ మండిపడేది. "ఇంత పిసినారితనమేటి బాబూ! రేపీ గుంట కాస్త ఒల్లు సేస్తే ఏటి ఇప్పి వదులు సెయ్యాల?" గళ్ళ గుడ్డయితే పక్కకుట్టు దగ్గర గళ్ళు కలిశాయా లేదా చూసేది. రంగుదైతే తడి చేతిరుమాలుతో రుద్దేది. కొట్టువాడు విసుక్కుంటే, "ఏటా ఇసుగు? డబ్బులు నాయి, ఒల్లు నాది" అనేది. అమ్మ నేల చూపులు చూసేది. నాకు మాత్రం ఆ క్షణంలో సుగుణత్తను మించిన మనిషి లోకంలో లేదనిపించేది.

నా పదో తరగతి అయిపోయిన ఏడాది నాకు బాప్తిస్మం ఇప్పించాలనుకున్నారు. మా సంఘంలో నాగావళిలోకి దించి, పూర్తిగా ముంచి ఇస్తారు. ఆడపిల్లలందరికీ ఒకే రకం తెల్ల గౌన్లు సంఘమే తెప్పించింది. తెప్పించింది దానియేలుగారి కొట్టు నుంచి. సంఘ పెద్ద ఆయనే, కొట్టూ ఆయనదే! ముందురోజు సాయంత్రం సుగుణత్త నా గౌను పట్టుకుని నులిమింది, ముక్కు దగ్గర పెట్టుకుంది, పక్కకుట్టు లాగి చూసింది. మాట్లాడకుండా గౌను చంకన పెట్టుకుని ప్రార్థన కూటానికి నడిచింది. నేను వెనకాలే పరిగెత్తాను. "ఇదంతా గంజే బాబూ. నీల్లలో దిగితే వలలాగ అయిపోతాది. కుట్టు కూడా నిలబడదు. మార్చీండి" అంది. దానియేలుగారు నవ్వాడు. "సుగుణమ్మా, ప్రభువు హృదయాన్ని చూస్తాడు గానీ బట్టల్ని చూడడు" అన్నాడు. "పెబువు సంగతి నాకూ తెలుసు. గట్టు మీద జనం సంగతి సెప్పు" అంది సుగుణత్త. అందరూ ఆవిడనే కసిరారు. పోనీ ఇంట్లో ఉన్న మందపాటి లంగా, జాకెట్టు వేసుకుంటానంటే, పిల్లలందరూ ఒకేలా ఉండాలన్నారు. పెద్దవాళ్ళతో మనకెందుకని అమ్మ కూడా నా నోరు నొక్కేసింది.

మర్నాడు పొద్దున్న అందరికన్నా ముందు నన్నే దించారు. పాస్టరుగారు ముంచి లేపారు. గట్టు మీద పాట అందుకున్నారు. నేను కిందికి చూసుకున్నాను. ఒంటి మీద గౌను ఉందో లేదో నాకే తెలియలేదు. చంక దగ్గర నుంచి నడుము దాకా కుట్టు విడిపోయింది. మళ్ళీ మెడ దాకా నీళ్ళలోకి కూలబడ్డాను. "లేమ్మా" అన్నారు పాస్టరుగారు, ఆకాశంలోకి చూస్తూ. "రావేం, జలుబు చేస్తాది!" అని అమ్మ గట్టు మీంచి కేక. చేతుల్లో ఫోన్లు పట్టుకుని అందరూ నేను ఎప్పుడు లేస్తానా అని చూస్తున్నారు. నేను లేవలేదు. చచ్చినా లేవకూడదనుకున్నాను.

అప్పుడు సుగుణత్త దిగింది. మంచి చీరతోనే, భుజాన మందపాటి దుప్పటితో. దుప్పటి ఇంటి దగ్గరే చంకన పెట్టుకుని వచ్చిందంటే, ఇలా జరుగుతుందని ఆ జనంలో ఆవిడ ఒక్కదానికే తెలుసన్నమాట. సగం నీళ్ళలో నిలబడి గట్టు వైపు తిరిగింది. "అందరూ ఎనక్కి తిరగండి! పోన్లు దించండి! పాస్టరుగోరూ, మీరు కూడాను!" పాట ఆగిపోయింది. సంఘం సంఘమంతా, పెద్దలతో సహా, నాగావళికి వీపు పెట్టి నిలబడింది. "లెగు గుంటా, నానున్నాను" అని నన్ను దుప్పట్లో చుట్టేసింది. నా తర్వాత దిగాల్సిన ఆడపిల్లలు భయపడి ఇంటి బట్టలతోనే దిగారు. ఒకేలా ఉండాలన్న మాట అప్పుడు ఒక్కడి నోట్లోంచి వస్తే ఒట్టు!

మధ్యాహ్నానికల్లా దానియేలుగారి మాట మా ఇంటికి చేరింది. లోపల సరైనవి వేసుకోవాలని ఆ పిల్లకు తెలియకపోతే తల్లికైనా తెలియక్కర్లేదా అన్నాడట. అమ్మ ఏడ్చింది, ఏడుస్తూ నన్నే తిట్టింది. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా పళ్ళు పటపటలాడుతున్నాయి. వాడు చచ్చు గుడ్డ అమ్ముకున్నాడు, సిగ్గు నాకు అంటగట్టాడు. ఇక చర్చి గుమ్మం తొక్కనని, అసలు ఇల్లే కదలనని తలుపేసుకున్నాను.

సోమవారం సుగుణత్త తలుపు బాదింది. "బేగి తయారవు. కొట్టుకెల్దుం." నాన్నను కూడా లాక్కొచ్చింది. ఉతికి ఆరేసిన ఆ గౌనును దానియేలుగారి బల్ల మీద పరిచి, కింద తన చెయ్యి పెట్టింది. గీతలతో సహా చెయ్యంతా కనబడింది. ఆయన చుట్టూ ఉన్న జనాన్ని చూసి, గొంతు తగ్గించి, నాన్నతో "ఏదో పొరపాటు జరిగిందండీ" అన్నాడు.

"ఆ బాబుకి కాదు, గుంటకి సెప్పు" అంది సుగుణత్త.

"చిన్నపిల్లకి నేనేం చెప్తానమ్మా?"

"అయితే కూకుంతాను." స్టూలు లాక్కుని బల్ల పక్కన కూర్చుంది. వచ్చిన ప్రతి ఆడమనిషికీ ఆ గౌను కింద చెయ్యి పెట్టి చూపించింది. "సూడమ్మా, ఇదీ ఈ కొట్లో గుడ్డ." ఒకావిడ కట్టించుకున్న పొట్లం బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోయింది. నాన్న "పోదాం సుగుణమ్మా" అంటున్నాడు. ఆవిడ కదల్లేదు. ఆఖరికి దానియేలుగారు నా వైపు తిరిగి, "తప్పు నాదేనమ్మా, నీది కాదు" అన్నాడు. అంతమందిలో అన్నాడు.

ఆ తర్వాత మొదలైంది అసలు గోల. ఆయన ఒప్పుకున్నాడు కదా, ఇక నువ్వు క్షమించాలి అని పాస్టరుగారు, అమ్మ, చర్చిలో ఆడవాళ్ళు, ఒకరి తర్వాత ఒకరు. నాకు క్షమించాలనిపించలేదు. బాప్తిస్మం తీసుకుని కూడా ఇలా ఉన్నానేమిటని భయం వేసి, గోడ దగ్గరికి వెళ్ళి సుగుణత్తనే అడిగాను. ఆవిడ పెరట్లో బట్టలు ఆరేస్తోంది.

"సెమించడం తరవాత సూద్దుం. నీ కోపం నీకుండనీ. అది కూడా తీసీసుకుంతారేటి?" అంది.

సుగుణత్త పోయి కొన్నేళ్ళయింది. దానియేలుగారు ఇప్పటికీ చర్చిలో ముందు వరసలో కూర్చుంటాడు, కనబడితే తల ఊపుతాడు. నేనూ ఊపుతాను. క్షమించలేదు.