నీలం చొక్కా ఫొటో

నా చిన్నప్పుడు, అడవి అవతలి నుంచి జనం నడిచొచ్చి మన వైపు గుడిసెలు వేసుకున్నారన్న కబురు మా ఇంటికి మొదట తెచ్చింది అడ్డాకులు అమ్మే అవ్వ. అక్కడ తుపాకులు ఆగడం లేదట, ఊళ్లు కాలిపోయాయట. మా అమ్మ ఆకుల కట్ట అందుకుంటూనే దేవుడి గూటివైపు తిరిగి దండం పెట్టుకుంది. మన నెత్తిమీద కప్పు ఉంది, అదే చాలు స్వామీ అంది.

నన్ను బడికి పంపలేదు. అమ్మే ఇంట్లో చదువు చెప్పేది. అందుకని భద్రాచలంలో చిన్న ఫొటో స్టూడియో నడిపే మా మేనమామ బయటి పనికి వెళ్తే నేనే తోడు. ఆ గుడిసెల పిల్లలు హాస్టల్లో చేరాలంటే దరఖాస్తు మీద ఫొటో ఉండాలన్నారు. ఊరికే తీసిస్తానన్నాడు మామయ్య. రీలు కెమెరా, తెల్ల దుప్పటి, స్టూడియోలో మేకుకు వేలాడే నీలం చొక్కా సంచిలో పెట్టుకున్నాడు. సరైన బట్టలు లేకుండా వచ్చినవాళ్లకు తొడిగించే చొక్కా అది. మా వీధిలో సగం మంది కార్డుల మీద ఆ చొక్కాయే కనిపిస్తుంది.

గుడిసెల దగ్గర దుప్పటి ఒక కొస చెట్టు కొమ్మకు కట్టి, రెండో కొస నా చేతికిచ్చాడు. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి దాని ముందు నిలబడ్డారు. పెళ్లిళ్లలో అందరినీ నవ్వించే మామయ్య ఆ రోజు ఎవరినీ నవ్వమనలేదు.

ఒక అమ్మాయి మాత్రం ఫొటో వద్దంది. నాకంటే రెండు మూడేళ్లు పెద్దదేమో. మిరప కోతలకు వచ్చి నేర్చుకున్న తెలుగులో, తల వంచుకునే సంగతి చెప్పింది. వాళ్ల ఊరికి తుపాకులతో వచ్చినవాళ్ల చేతిలో ఒక ఫొటో ఉందట. అది చూసే ఆమె అన్నను గుర్తుపట్టి తీసుకుపోయారట. మళ్లీ ఎవరైనా వస్తారన్న భయంతో, ఇంట్లో ఉన్న అన్న ఫొటోను వాళ్లమ్మ పొయ్యిలో వేసింది. మూడో రోజు శవం దొరికింది. ఇప్పుడు ఆ తల్లికి చూసుకోవడానికి కొడుకు ముఖం లేదు. ఆమె గుడిసె ముందే కూర్చుని ఉంది, మా వైపు చూడనైనా లేదు.

మామయ్య కెమెరాకు మూత పెట్టేశాడు. బలవంతమేమీ లేదన్నాడు. ఒకవేళ తీయించుకుంటే నెగెటివ్ కూడా కత్తిరించి ఆ అమ్మాయి చేతికే ఇస్తానని, ఇంకెవరి దగ్గరా ఉండదని చెప్పాడు. ఆమె చాలాసేపు ఆలోచించి, వచ్చి నిలబడింది. ఫొటో తీయడం అయిపోయినా అక్కడి నుంచి కదల్లేదు.

"ఇంకొకటి తీస్తవా? అన్న నా లెక్కనే ఉంటుండె. గా అంగీ ఏస్కుంట. అమ్మకు ఇయ్యాలె."

రీలులో ఒక్కటే మిగిలింది. ఆమె జుట్టు వెనక్కి దోపుకుని నీలం చొక్కా తొడుక్కుంది. చొక్కా చేతులు వేళ్లు దాటి వేలాడాయి. అది చూసి నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. నా చేతిలో దుప్పటి ఊగింది. ఆమె ముఖం వాడిపోయింది, గుండీలు విప్పబోయింది.

మామయ్య నన్ను తిట్టలేదు. "తెర గట్టిగ పట్టుకో బిడ్డా" అని మాత్రం అన్నాడు. తర్వాత ఆమె వైపు తిరిగి, స్టూడియోకు వచ్చే మగపిల్లలతో మాట్లాడినట్టే అన్నాడు:

"తల జర పైకెత్తు తమ్మీ."

ఆ పిలుపుకు ఆమె వెన్ను నిటారైంది. దవడ బిగిసింది. గుడిసె ముందున్న తల్లి అప్పుడు మొదటిసారి తలెత్తి చూసింది.

వారం తర్వాత ఫొటోలూ నెగెటివ్‌లూ ఇచ్చివచ్చాం. ఫొటోలో చొక్కా కాలరు ఒక పక్క మడతపడి ఉంది. ఆ తల్లి దాన్ని బొటనవేలితో సరిచేయబోయింది. కాగితమని తెలిసి కూడా, మళ్లీ మళ్లీ సరిచేసింది.

ఆ అమ్మాయి హాస్టల్లో చేరిందని విన్నాను. రెండేళ్లకు ఆ గుడిసెలు అక్కడ లేవు. ఎటు వెళ్లారో తెలియలేదు. ఇప్పుడు నా పిల్లలకు నేనే ఇంట్లో అక్షరాలు దిద్దిస్తున్నాను. ఎవరి దుఃఖం ముందు నిలబడ్డా నా పిడికిలి ఆ దుప్పటి కొసను పట్టుకున్నట్టు బిగుసుకుంటుంది. నవ్విన నన్ను అవతలికి పొమ్మనకుండా, ఆ కొస నా చేతిలోనే ఉంచిన మామయ్యను ఇచ్చినందుకు రామయ్యకు రోజూ దండం పెట్టుకుంటాను.

ఆ అన్న పేరు నేను అడగలేదు. అతనిదంటూ ఒక ఫొటో ఆ ఇంట మిగల్లేదు. మీరు దీపం పెట్టే వేళ ఒక్కసారి, చెల్లెలి ముఖంతో నీలం చొక్కాలో నిలబడిన ఆ పిల్లవాణ్ని తలుచుకోండి.